డబ్బా మీద 500 గంటలు, బిల్లు మాత్రం 250కే

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద 18 నుంచి 5కి తగ్గింది. షోరూముల ముందు ఫ్లెక్సీలు వెలిశాయి, రైతుకు పండుగ వచ్చిందని ప్రకటనలు వచ్చాయి. తగ్గిన మాట నిజమే, కాదనం. రైతు సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నదే అది. కానీ ట్రాక్టర్ జీవితంలో ఒకసారో రెండుసార్లో కొంటాం. అందులో పోసే ఆయిల్ ఏటా కొంటాం, పని ఎక్కువుంటే ఏడాదికి మూడుసార్లు కొంటాం. ఆ ఆయిల్ మీద పన్ను మాత్రం 18 శాతం దగ్గర నుంచి కదల్లేదు. నగరంలో షికారు కారుకు పోసే ఆయిలుకూ, మడిలో దమ్ము చేసే ట్రాక్టర్‌కు పోసే ఆయిలుకూ ఒకటే పన్ను. పైగా జీఎస్టీ నంబరు ఉన్న రవాణా వ్యాపారి తన లారీకి కట్టిన ఆయిల్ పన్నును లెక్కల్లో రాబట్టుకోగలడు. రైతుకు ఆ దారి లేదు. కట్టింది కట్టినట్టే పోతుంది.

ఇది ఒక ఎత్తు. రెండోది ఇంతకంటే పెద్దది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

సర్వీసుకు ట్రాక్టర్ తోలుకుపోయిన రైతుకు ఇప్పుడు చాలాచోట్ల వినిపిస్తున్న మాట, "అన్నా, మామూలు ఆయిల్ ఎందుకు, సింథటిక్ పోయించుకో, ఇంజన్ మెత్తగా ఉంటుంది" అని. ధర అడిగితే మామూలు ఆయిలుకు రెట్టింపో, అంతకంటే ఎక్కువో. ఎన్ని గంటలకు మార్చాలని అడిగితే, "పాత లెక్కే, 250కి వచ్చేయండి." ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. ఎందుకు పొసగవో రైతు సోదరులు తెలుసుకోవాలి.

సింథటిక్ ఆయిల్ మోసపు సరుకేమీ కాదు. ఆ మాట ముందే చెబుతున్నాం. మామూలు ఆయిల్ ముడి చమురును శుద్ధి చేస్తే వస్తుంది. అందులో చిన్నా పెద్దా అన్ని రకాల అణువులూ కలిసి ఉంటాయి. సింథటిక్‌లో అణువులు దాదాపు ఒకే తీరుగా ఉండేలా తయారు చేస్తారు. అందుకే అది వేడికి త్వరగా చిక్కబడదు, ఆవిరై తగ్గిపోవడం తక్కువ, చలిలో గడ్డకట్టదు, ఎక్కువ కాలం తన గుణం నిలుపుకుంటుంది. రాత్రీపగలూ తిరిగే వరికోత మిషన్‌కు, టర్బో ఉన్న పెద్ద ఇంజన్‌కు దానివల్ల మేలుంటుంది. అయితే డబ్బా మీద సింథటిక్ అని రాసినదంతా ఒకటే రకం కూడా కాదు. రసాయన పద్ధతిలో మొదటి నుంచీ కట్టుకొచ్చిన ఆయిల్ ఒకటి, ముడి చమురు నుంచే వచ్చిన ఆయిల్‌ను హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసినది ఇంకొకటి. రెండోదాన్ని సింథటిక్ అనవచ్చా లేదా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్యే తగవు నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ అనవచ్చని తేల్చింది. అప్పటి నుంచి ఆ పేరు చాలా వెడల్పయింది. సెమీ సింథటిక్, సింథటిక్ టెక్నాలజీ అనే మాటలైతే మరీ సాగే రబ్బరు. అందులో ఎంత పాలో ఎంత నీళ్లో డబ్బా చెప్పదు.

సింథటిక్ గొప్పల్లో మొదట చెప్పేది చలికాలపు స్టార్టింగ్. డబ్బా మీద 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 అని ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అంటే చలికాలం. 15డబ్ల్యూ ఆయిలుకు చలి పరీక్ష సున్నాకు 20 డిగ్రీల కింద చేస్తారు. 5డబ్ల్యూకు 30 డిగ్రీల కింద. మన దగ్గర లంబసింగిలో సున్నా దగ్గరికి పోతేనే టీవీల వాళ్లు కెమెరాలు పట్టుకుని పరుగెత్తుతారు. ఆదిలాబాద్ చలి కూడా ఆ పరీక్ష దరిదాపులకు రాదు. రామగుండంలో, రెంటచింతలలో ఎండకు మాడే రైతుకు, సున్నాకు 30 డిగ్రీల కింద కూడా స్టార్ట్ అవుతుందని చెప్పి డబ్బు తీసుకోవడాన్ని ఏమనాలి?

ఇక మిగిలిన అసలు లాభం ఒక్కటే. ఎక్కువ గంటలు నిలబడటం. కొన్ని డబ్బాల మీద 500 గంటలని కంపెనీలే అచ్చు వేస్తున్నాయి. లెక్క చూద్దాం. 7 లీటర్లు పట్టే ఇంజన్, ఏడాదికి 750 గంటల పని అనుకుందాం. మామూలు ఆయిల్ లీటరు 350 రూపాయలైతే ఒక మార్పుకు 2,450. 250 గంటలకొకసారి మూడు మార్పులు, 7,350 రూపాయలు. సింథటిక్ లీటరు 700 అనుకుంటే ఒక మార్పుకు 4,900. అది నిజంగా 500 గంటలు నడిస్తే ఏడాదికి ఒకటిన్నర మార్పు, అదే 7,350. అంటే 500 గంటలు నడిపితే రైతు ఖర్చు సమానం, అంతకు మించి నడిపితేనే లాభం. కానీ 250కే మార్చమంటే? 14,700. రైతు జేబులోంచి సరిగ్గా రెట్టింపు. అందులో పన్ను ఒక్కటే 2,240 రూపాయలు పైచిలుకు. ఎక్కువ కాలం నిలుస్తుందని చెప్పి ఎక్కువ ధర తీసుకుంటారు, నిలవకముందే తీసి పారబోయిస్తారు. యూరియా బస్తాకు నానో సీసా లింకు పెట్టడం చూశాం. ఇది వారంటీకి ఆయిల్ లింకు పెట్టడం.

ఎందుకంటే రైతు ఎదురు మాట్లాడితే వెంటనే వచ్చే బెదిరింపు వారంటీయే. మా డబ్బానే పోయించుకోవాలి, మా దగ్గరే మార్పించుకోవాలి, లేకపోతే వారంటీ పోతుంది అంటారు. ఫ్రీ సర్వీసు అని కూపన్లు ఇస్తారు. ఫ్రీ అయ్యేది కూలి మాత్రమే. ఆయిలుకూ ఫిల్టర్లకూ బిల్లు పూర్తిగా పడుతుంది. కార్ల విషయంలో ఇదే తంతు నడిచినప్పుడు 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గర రిపేరు చేయించుకున్నాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టకూడదని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి, పోతాయి కూడా. కారు కొన్నవాడికి ఉండాల్సిన హక్కు ట్రాక్టర్ కొన్నవాడికి ఎందుకు ఉండకూడదన్నది మా ప్రశ్న. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. ముందుగా తీసుకునే నాలుగు రంగాల్లో వ్యవసాయ పనిముట్లు ఒకటని తానే ప్రకటించింది. ఆ డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. పోర్టల్ చట్టం కాదు. దాన్ని చూపించి డీలర్ దగ్గర గెలిచిన రైతు మాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

మరి ఆయిల్ ఎప్పుడు మార్చాలి? 250 అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒకప్పుడు డీజిల్‌లో గంధకం ఎక్కువ. అది మండి ఆమ్లమై ఆయిల్‌లో కలిసేది, ఆయిల్‌లోని విరుగుడు మందు త్వరగా అయిపోయేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లే. అంతకు ముందటి బీఎస్-4 డీజిల్‌లో 50, బీఎస్-3లో 350. ఆయిల్ గ్రేడ్లు కూడా సీఎఫ్-4 నుంచి సీఐ-4కు, సీకే-4కు వచ్చాయి. డీజిల్ మారింది, ఆయిల్ మారింది. అయినా మాన్యువల్స్ చూస్తే ఒకదాంట్లో 250, ఒకదాంట్లో 400, ఇంకొకదాంట్లో 500. ఒకే హార్స్‌పవర్, ఒకే పొలం, ఒకే డీజిల్. ఈ తేడాలో ఇంజన్ నిర్మాణం వల్ల వచ్చింది ఎంత, సర్వీసు బిల్లు కోసం ఉంచింది ఎంత? కంపెనీలు చెప్పాలి. చెప్పమని అడిగే అధికారం ఉన్న ప్రభుత్వం అడగాలి.

అలాగని గంటలు దాటించి నడపమని మేము చెప్పడం లేదు. వారంటీ ఉన్నన్నాళ్లు మాన్యువల్‌లోని గంటలకే మార్పించండి, బిల్లు దాచండి. మొదటి మార్పు, చాలా కంపెనీలకు 50 గంటల దగ్గర ఉంటుంది, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. ఏడాదికి 150, 200 గంటలే తిరిగే బండికి కూడా ఏడాదికొకసారి మార్పు తప్పదు. అవర్ మీటర్ చెడిపోయిందని అంచనాగా నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి చోట డీజిల్ లెక్క పెట్టుకోవచ్చు. సగటున గంటకు 4 లీటర్లు తాగే బండికి 250 గంటలంటే వెయ్యి లీటర్లు. పాత వైరు మీటర్ ఇంజన్ తిరుగుడును బట్టి నడుస్తుంది కాబట్టి, స్లోలో గంటలకొద్దీ పెట్టిన బండికి మీటర్ తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

నల్లబడిందని ఆయిల్ మార్పించేవాళ్లకు ఒక మాట. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని గోడలకు పట్టనీయకుండా తనలో తేల్చుకోవడమే దాని పని. నలుపు చూసి "అయిపోయింది" అన్న మేస్త్రి మాట పట్టుకుని ఆయిల్ పారబోసుకోవద్దు. భయపడాల్సింది వేరే. ఆయిల్ పాల కాఫీ రంగుకు వచ్చిందంటే నీళ్లు కలుస్తున్నాయి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతోందంటే, డీజిల్ వాసన వస్తోందంటే, పంపో నాజిలో కారుతోంది. అప్పుడు గంటలు చూడొద్దు, బండి ఆపండి. ఇక అన్నిటికంటే ఎక్కువ ఇంజన్లను తినేది దుమ్ము. ఎండాకాలం రోటవేటర్, గడ్డి కట్టల మిషన్, ఇటుక బట్టీల మట్టి ట్రిప్పులు. ఎయిర్ ఫిల్టర్ గిన్నెలో బురద పేరుకున్నా, గొట్టం క్లిప్పు వదులైనా, దుమ్ము నేరుగా రింగుల మీద పడి సానరాయిలా అరగదీస్తుంది. దాన్ని ఏ సింథటిక్కూ ఆపలేదు. రింగులు అరిగి ఆయిల్ తాగుతున్న పాత బండికి సింథటిక్ పోయడమంటే చిల్లు కుండలో నెయ్యి పోయడమే. ఆ డబ్బు ఎయిర్ ఫిల్టర్‌కు పెట్టండి. ఒక్క మినహాయింపు. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లు ట్రెమ్-4 ప్రమాణంలో వస్తున్నాయి. వాటిలో పొగ గొట్టానికి మసి ఫిల్టర్ ఉన్నవాటికి మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి, తక్కువకు వస్తోందని పాత గ్రేడు పోస్తే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది, దాని ఖర్చు ఆయిల్ ఖర్చుతో పోల్చేది కాదు.

గంటలను అంచనా కట్టడం కాక నిజంగా తెలుసుకునే మార్గం ఉంది. రైల్వే డీజిల్ లోకో షెడ్లలో ఇంజన్ నుంచి ఆయిల్ నమూనా తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఇనుము ఎంత, మట్టి ఎంత, నీరు ఎంత, విరుగుడు మందు ఎంత మిగిలింది అన్నీ తెలుస్తాయి. ప్రభుత్వ ఇంజన్‌కు పరీక్ష, రైతు ఇంజన్‌కు మేస్త్రి వేలు! భూసార పరీక్షకు కార్డులిచ్చిన ప్రభుత్వాలకు ఇది చేతకాని పని కాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ కలిపి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మన నేల మీద, మన దుమ్ములో, మన డీజిల్‌తో ఏ ఆయిల్ ఎన్ని గంటలు నిలుస్తుందో పరీక్షించి తెలుగులో బయటపెట్టే బాధ్యత అలాంటి సంస్థకు అప్పగించాలి. కంపెనీ మాట మీద రైతు, రైతు మాట మీద కంపెనీ నమ్మకం లేకుండా కొట్టుకునే బదులు అంకె ముందుంటుంది.

వేస్ట్ ఆయిల్ సంగతి కూడా ఇందులోనిదే. 250కి పారబోసిన ఆయిల్ ఎక్కడికి పోతోంది? కొంత కాలవల్లోకి, కొంత తుక్కు వ్యాపారి డ్రమ్ముల్లోకి. ఆ డ్రమ్ముల్లోది వడకట్టి, రంగు తేల్చి, పేరున్న డబ్బాల్లో నింపి మళ్లీ మన ఊళ్లకే పంపే నకిలీ వ్యాపారం ఉందని రైతులందరికీ తెలుసు. ఖాళీ డబ్బాకు చిల్లు కొట్టకుండా అమ్మొద్దు. 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన ఆయిల్‌ను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీదే ఉందని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అయితే మండలానికి ఒక సేకరణ డ్రమ్మయినా ఏ కంపెనీ ఎక్కడ పెట్టింది?

ట్రాక్టర్ ఆయిళ్ల మీద, గేరు హైడ్రాలిక్ ఆయిల్‌తో సహా, జీఎస్టీని 5 శాతానికి తేవాలి. గేరుపెట్టెకు ఒక్కసారికి 40 నుంచి 60 లీటర్ల దాకా పట్టే బండ్లున్నాయి, అక్కడ ఈ పన్ను దెబ్బ ఇంకా గట్టిది. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్‌ను బయట కొని బిల్లు చూపిస్తే వారంటీ నిలవాలని ట్రాక్టర్లకు వర్తించేలా చట్టం చేయాలి. ఎక్కువ గంటల ఆయిల్ అమ్మిన డీలర్ ఆ గంటలను సర్వీసు కార్డు మీద సంతకంతో రాసివ్వాలి. ప్రాథమిక సహకార సంఘాల్లో అసలైన ఆయిల్ అమ్మించాలి, వాడిన ఆయిల్ అక్కడే తీసుకోవాలి.

ఈ డిమాండ్లతో కలెక్టరేట్లకు పోయేముందు చేతిలో కాగితాలు ఉండాలి. వచ్చే నెల మండల కమిటీ సమావేశాలకు సభ్యులు తమ ట్రాక్టర్ హార్స్‌పవర్, మాన్యువల్‌లో ఉన్న గంటలు, డీలర్ మార్చిన గంటలు, పోసిన ఆయిల్ గ్రేడు రాసుకుని, బిల్లుల జిరాక్సులతో రావాలి. కిరాయికి తోలే డ్రైవర్లు కూడా రావాలి, వాళ్లకు తెలిసినంత యజమానికి తెలియదు. బిల్లు ఇవ్వని చోట, అడిగితే ఏమన్నారో అది రాసి తెండి.