కృష్ణమ్మ ఒడ్డున యురేనియం గని వద్దు: అణుశక్తి విభాగానికి బహిరంగ లేఖ

అణుశక్తి విభాగం కార్యదర్శి గారికి,
ముంబై.

అయ్యా,

2047 నాటికి దేశంలో లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు ఉండాలని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇప్పుడున్నది 9 వేల మెగావాట్లకు కాస్త లోపు. ఆ ప్రకటన వినగానే నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లకు వచ్చే సందేహం ఒక్కటే: అంత యురేనియం ఎక్కడ తవ్వుతారు? మా ప్రాంతంలోని లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్ పేర్లు మీ పటాల మీదికి ఎక్కి చాలా ఏళ్లయింది. అందుకే ఈ ఉత్తరం.

మీ ఇబ్బంది నాకు తెలుసు. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత దశాబ్దాల పాటు అణు వాణిజ్యంలో మనకు తలుపులు మూసేశారు. 2008కి ముందు యురేనియం చాలక మన రియాక్టర్లు సగం సామర్థ్యంతో నడిచాయి. ఆ ఏడాది సెప్టెంబరులో అణు సరఫరా దేశాల బృందం మినహాయింపు ఇచ్చాక కజకిస్థాన్, రష్యా, కెనడాల నుంచి ఇంధనం వచ్చింది. అలా కొన్నదాన్ని అంతర్జాతీయ తనిఖీ కింద ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. కాబట్టి సొంత యురేనియం కావాలన్న మాటను నేను కొట్టిపారేయను. ముడిచమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా బయట కొనే దేశానికి దిగుమతి అంటే భయం ఉండడం సహజమే.

అయితే అన్ని దిగుమతులనూ ఒకే గాటన కట్టకూడదు. చమురు ఓడలు ఆగితే కొన్ని వారాల్లోనే దేశం అల్లాడిపోతుంది. యురేనియం సంగతి వేరు. 700 మెగావాట్ల రియాక్టరు ఏడాదంతా నడవడానికి కావలసింది వంద టన్నుల పైచిలుకు. ఏడెనిమిది లారీల్లో సర్దుకుపోతుంది. మా దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రంలో అంతే కరెంటు తీయాలంటే రోజూ రెండు మూడు రైళ్ల బొగ్గు దింపాలి. అంటే రెండేళ్లకో, ఐదేళ్లకో సరిపడా అణు ఇంధనాన్ని ముందే కొని దాచుకోవచ్చు. సరఫరా ఆగుతుందన్న భయం ఉంటే గోదాములు కట్టండి. దానికి మా నల్లమల అడవిని తవ్వక్కర్లేదు.

రాయి నాణ్యత కూడా చూడండి. కెనడాలోని సిగార్ లేక్ గనిలో టన్ను ముడి ఖనిజంలో వంద కిలోలకు పైగా యురేనియం ఉంటుంది. మన దేశంలో చాలాచోట్ల టన్ను తవ్వితే కిలో కూడా రాదు. మిగిలిన రాయంతా పిండిచేసి, రసాయనాల్లో కడిగి, బురదగా చెరువుల్లోకి వదలాలి. యురేనియం తీసేసినా అందులో రేడియం మిగిలే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆ చెరువు కట్టకు కాపలా ఎవరుంటారు?

ఆ చెరువు ఎక్కడ తవ్వినా ప్రమాదమే. లంబాపూర్, పెద్దగట్టు ఉన్నది మాత్రం నాగార్జునసాగర్ జలాశయం అంచున.

నల్లగొండలో నీళ్లంటే ఏమిటో మీకు చెప్పాలి. మా నేల కింది రాయిలోని ఫ్లోరైడ్ బావి నీళ్లలో, బోరు నీళ్లలో కరిగి వస్తుంది. ఆ నీళ్లు తాగి మర్రిగూడ వైపు పల్లెల్లో తరాలకు తరాలు ఎముకలు వంకర్లు పోయాయి. పిల్లల పళ్లు గారకట్టాయి, నడుములు వంగవు, కాళ్లు లేవవు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. అయినా మా వాళ్లకు నిజంగా ఊరట దొరికింది కృష్ణా నీళ్లు వచ్చాకే. సాగర్ వెనక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. అక్కణ్నుంచి నల్లగొండ పల్లెలకూ హైదరాబాద్ నగరానికీ తాగునీళ్లు వెళతాయి. నేల అడుగు నీళ్లతో చెడిన జిల్లాకు దొరికిన మంచినీళ్లు ఇవే. వాటి ఒడ్డునే యురేనియం తవ్వుతామన్నారు. 2003 ఆగస్టులో పెద్దగట్టు దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు జనం వద్దన్నది ఈ భయంతోనే. ఆ భయం ఇవాళ్టికీ పోలేదు.

పాత పాలమూరు జిల్లాలోని అమ్రాబాద్‌దీ అదే కథ. అక్కడ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో బోర్లు వేసి వెతకడానికి 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అది చెంచు గిరిజనుల గూడేలు, అంటే పెంటలు, ఉన్న అడవి. తేనె, దుంపలు, చిన్నచిన్న చేలు, వాగునీళ్లు, అంతే వాళ్ల బతుకు. ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. రాజకీయాల్లో ఇన్ని చీలికలున్న రాష్ట్రంలో అన్ని పార్టీలూ ఒక్కమాట మీద నిలబడ్డ సందర్భాలు అరుదు.

దేశానికి కరెంటు కావాలంటే మేము అడ్డుపడ్డవాళ్లం కాము. సాగర్ కోసం ఏలేశ్వరం మునిగింది. శ్రీశైలం కోసం కొల్లాపూర్ వైపు ఊళ్లు మునిగాయి. జూరాల నీళ్లు టర్బైన్లు తిప్పుతున్నాయి. పాలమూరు మెట్టభూముల్లో ఎటుచూసినా సౌర పలకలు పరిచారు. యాదాద్రి పొగా బూడిదా భరిస్తున్నదీ మేమే. అణువిద్యుత్తు వాటా దేశం మొత్తం కరెంటులో మూడు శాతం దగ్గరే ఉంది. అందులో కొంత భాగం కోసం కోట్ల మంది తాగే నీటిని పణంగా పెట్టడం తప్పు.

యురేనియం వెతికే మీ డైరెక్టరేట్, ఇంధన కడ్డీలు చేసే ఎన్‌ఎఫ్‌సీ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడి మీ శాస్త్రవేత్తలు తాగే నీళ్లలోనూ అక్కంపల్లి వాటా ఉంది. ఒక్కసారి వాళ్లనే అడగండి.

లంబాపూర్–పెద్దగట్టు, అమ్రాబాద్ ప్రాంతాల్లో గనులు తవ్వబోమని మీ విభాగం పేరుతో రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ కాగితాన్ని తెలుగులో ప్రతి గ్రామ పంచాయతీకి, ప్రతి చెంచు పెంటకు పంపండి. ఇప్పటిదాకా తవ్విన బోర్ల చుట్టుపక్కల నీటి పరీక్షల ఫలితాలు కూడా దానికి జతచేయండి. ఇక ఇంధన భద్రత కోసం కెనడా, కజకిస్థాన్‌ల దగ్గర ఇంకొన్నేళ్ల నిల్వలు కొని పెట్టండి. ఆ ఖర్చును దేశం భరించగలదు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా వాసి