ఛాయాగ్రాహకునకు సంఘమేల?

మన పాఠశాల విద్యార్థులలో కెమెరాపై మక్కువ గలవారు ఏటేట పెరుగుచున్నారు. వారిలో కొందరు ఛాయాగ్రహణమునే జీవనోపాధిగా గైకొనగోరుచున్నారు. తల్లిదండ్రులు మాత్రము, "పెండ్లిండ్లలో ఫోటోలు తీయుటయు ఒక ఉద్యోగమా? నెల జీతమున్నదా? పింఛనున్నదా?" అని ఆక్షేపించుచున్నారు. ఈ ప్రశ్న నిర్హేతుకమైనది కాదు. ఐనను దోషము ఆ వృత్తిలో లేదనియు, దానిని ఒంటరిగా చేయుటలోనే ఉన్నదనియు నా అభిప్రాయము. ఛాయాగ్రాహకుడు కాదలచినవాడు కెమెరాను ఎన్నుకొనుటకు ఎంత శ్రద్ధ వహించునో, తాను చేరదగిన సంఘమును ఎన్నుకొనుటకును అంత శ్రద్ధ వహింపవలెను.

ఈ సంఘజీవనము మన నగరమునకు క్రొత్తది కాదు. డాగురె కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానము 1839 ఆగస్టు 19వ తేదీన ఫ్రాన్సు దేశమున వెల్లడి చేయబడినది. అటుపిమ్మట ఇరువదియేండ్లు నిండకమునుపే, 1850 దశకములోనే, చెన్నపట్టణమున ఛాయాగ్రాహకుల సంఘము వెలసినది. దాని స్థాపనకు ముఖ్యముగా పాటుపడినవాడు వైద్యుడగు అలెగ్జాండర్ హంటరు. 1850లో ఇచ్చట కళాపాఠశాలను నెలకొల్పినవాడును ఈయనయే. అదియే నేటి ప్రభుత్వ లలితకళా కళాశాల. 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు శాసనములను ఇరువదియొక్క చిత్రములుగా తీసి, వానిని ఒకే పొడవైన పటముగా కూర్చిన లిన్నేయస్ ట్రైపు ఆ కాలపువాడే.

ఆనాడు కాగితములకును గాజుపలకలకును మందులు పూసి, అవి ఎండకు చెడిపోకుండ కాపాడుకొనుట గొప్ప కష్టము. చలిదేశములలో వ్రాసిన పుస్తకములలోని కొలతలు మన ఎండలకు పొసగెడివి కావు. ఒకడు నష్టపడి నేర్చినది పదిమందికి చెప్పినగాని విద్య ముందుకు సాగెడిది కాదు. మందులు పోయినవి, ఫిల్ము పోయినది, నేడు చేతిఫోనులోనే కెమెరా వచ్చినది. ఐనను నేర్చినది పంచుకొనవలసిన అక్కర తీరలేదు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. వేడుకకై ఫోటోలు తీయువారి సమాజములు వేరు, వృత్తిగా చేయువారి సంఘములు వేరు. మొదటివి కళను పోషించును. ప్రదర్శనలు జరిపి బిరుదుల నిచ్చును. నూరేండ్లు దాటిన ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ మద్రాసు ఈ కోవకు చెందినది. దేశమంతటికిని భారత ఛాయాగ్రహణ సమాఖ్య 1953లో ఏర్పడినది. తెలుగునాట కోరుట్లలో పుట్టి, హైదరాబాదులో పేరుగాంచిన బండి రాజన్ బాబు రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్పును పొందగలిగినది ఇట్టి సమాజముల మార్గముననే. రెండవ రకపు సంఘములు కడుపునకు సంబంధించినవి. కూలి, కరారు, ఆపద, హక్కు అను నాలుగు విషయములును వీని పాలివి. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది వీనిని గూర్చియే.

మొదటిది కూలి. నా పూర్వవిద్యార్థి యొకడు రెండుదినముల పెండ్లిని నోటిమాటపై ఒప్పుకొని చిత్రించెను. ఆల్బము చేతికందిన పిమ్మట పెండ్లివారు వంకలు చెప్పి మూడవవంతు సొమ్మును కోసివేసిరి. అతడు ఎవరితో మొరపెట్టుకొనును? సంఘమున్నచోట ముద్రించిన కరారు పత్రముండును. బయానా ఎంత, ఎన్ని చిత్రములు, ఎన్నాళ్లలో ఈయవలెను, ముహూర్తము మారినచో ఏమి చేయవలెను అనునవి ముందే వ్రాయబడును. తగవు వచ్చినను నలుగురు పెద్దలు మధ్య నిలుతురు.

రెండవది పనుల పంపిణీ. మంచి ముహూర్తము నాడు ఒక్కనికే మూడు పెండ్లిండ్లు తగులును. మూఢములో మూడు నెలలు ముప్పుగా గడచును. సంఘసభ్యుడు తాను చేయలేని పనిని తోటివానికి అప్పగించును, మరునాడు అతడును అట్లే చేయును. మన బిడ్డలకు ఇందు ప్రత్యేకమైన లాభమున్నది. జీలకర్ర బెల్లము పెట్టు క్షణమేది, తెరసెల్ల ఎప్పుడు తొలగింతురు, తలంబ్రాలకు ఎటు నిలువవలెను అను విషయములు తెలుగింటి బాలునకు ఒకరు చెప్పనక్కరలేదు. తమిళుల ఊంజలును కాశీయాత్రయు అతడు ఇరుగుపొరుగున చూచి యెరిగినవే. ఇట్టివానిని సంఘములోనివారు వెదకి పిలుతురు. వీథిలో ఒంటరిగా కూర్చున్నచో ఈ నేర్పు ఎవరికి తెలియును?

మూడవది చట్టము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఫోటో తీసినవాడే దాని కర్త. కాని ఒకరు సొమ్మిచ్చి కోరి తీయించుకొన్న ఫోటోపై, వేరు ఒప్పందము లేనియెడల, మొదటి యాజమాన్యము సొమ్మిచ్చినవారిది. కావున పెండ్లికూతురి పటమును అనుమతి లేక స్టూడియో అద్దాల బీరువాలో పెట్టరాదు. తనంతట తాను తీసిన చిత్రము మాత్రము తీసినవానిదే. హక్కును ఇతరులకు వ్రాసియిచ్చునపుడు గడువు పేర్కొననిచో అది ఐదేండ్లకును, ప్రదేశము పేర్కొననిచో భారతదేశమునకును పరిమితమగును. హక్కును అమ్ముకొన్నను, చిత్రము తనదని చెప్పుకొను అధికారము కర్తకు పోదు. 2012 సవరణ పిమ్మట ఫోటోపై హక్కు కర్త జీవితకాలమును, ఆపై అరువది యేండ్లును నిలుచును. ఇంతటి రక్షణ యుండగా, పేరైనను వేయక తమ చిత్రములను వాడుకొనుచున్నారని వాపోవువారు మన చుట్టును ఎందరో కలరు. చట్టము ఎరుగుట ఒక యెత్తు, దానిని అడిగి సాధించుట మరియొక యెత్తు. రెండవదానికి సంఘబలము కావలెను.

నాలుగవది ఆపద. కెమెరా దొంగలపాలైనను, చేయి విరిగినను, ఈ వృత్తిలో ఆ దినముతోనే రాబడి ఆగును. నేను ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న కాలమున, ఆగస్టు 19న ఛాయాగ్రాహకులు డాగురె చిత్రపటమునకు పూలదండ వేసి, ఊరేగి, సాయంకాలము మృతుడైన సభ్యుని కుటుంబమునకు చందాలు ప్రోగుచేయుట చూచితిని. పింఛను లేని వృత్తికి పింఛను వంటిది అదియే.

"సంఘపు సభలు తమిళమున జరుగును గదా, మనవారికి అందు చోటెక్కడిది?" అని కొందరు తల్లిదండ్రులు శంకింతురు. 1950లో 'ఛిన్నమూల్' అను వంగచిత్రమునకు దర్శకత్వము వహించిన నిమాయ్ ఘోష్ పిమ్మట మదరాసు చేరెను. ఆయనకు ఇచ్చటి భాష మాతృభాష కాదు. ఐనను సంగీతదర్శకుడు ఎం. బి. శ్రీనివాసన్‌తో కలసి చలనచిత్ర కార్మికులను కూడగట్టెను. దక్షిణ భారత చలనచిత్రోద్యోగుల సమాఖ్య ఏర్పడుటలో వారిరువురి కృషి ప్రధానమైనది. దక్షిణ భారత చలనచిత్ర ఛాయాగ్రాహకుల సంఘము 1972లో ఈ నగరముననే పుట్టినది. 1957లో మన 'మాయాబజారు'ను కెమెరాలో బంధించిన మార్కస్ బార్ట్లీ ఆంగ్లో ఇండియను. వెలుగునీడలకు మాతృభాషతో పనిలేదు. అల్పసంఖ్యాకులకు సంఘము మరింత అవసరము. ఏలయన, బంధుబలగము తక్కువైనచోట వృత్తిబలగమే దిక్కు.

సంఘములన్నియు మంచివని నేననుట లేదు. ధరలు కట్టుదిట్టము చేసి క్రొత్తవారిని రానీయనివి కలవు. గుర్తింపు కార్డునకు చందా పుచ్చుకొని మరల పలుకనివియు కలవు. చేరకముందు మూడు సంగతులు విచారింపుడు. లెక్కలు ఏటేట సభ్యులకు చదివి వినిపింతురా? ఎన్నికలు జరుగునా? చిన్న సహాయకునకును సభలో మాటాడు హక్కున్నదా? ఈ మూడును లేనిచోట చందా కట్టుట వ్యర్థము. చేరిన పిమ్మట కార్డు జేబులో వేసికొని యింట కూర్చుండుటయు వ్యర్థమే. ఈయనిది పొందగోరువాడు సంఘమునకు బరువు.

తల్లిదండ్రులారా, బిడ్డకు కెమెరా కొనియిచ్చుట సులభము. దానితోపాటు, ఒప్పందము చదివి సంతకము చేయుటయు, నలుగురితో కలసి మెలగుటయు నేర్పుడు. విద్యార్థులారా, తెలుగు విడువకుడు, తమిళము చక్కగా నేర్చుకొనుడు; సభలో లేచి మీ మాటను నిర్భయముగా చెప్పగలుగుడు. గడ్డిపోచలు పేనిన మోకు ఏనుగును కట్టునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మోకులో మీరును ఒక పోచ కావలెను.