ఒడియా, కుర్చీయా?

అరసవల్లినుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. భర్త యుద్యోగమునకై అమెరికాకు తరలుచున్నారట. పదునెనిమిది నెలల పాపకు కారుకుర్చీని విమానములోనికి గొనిపోవలెనా యని ప్రశ్న. "ఒడికంటె భద్రమైన పీట యెక్కడిదమ్మా?" అని అత్తగారనుచున్నారట.

ఆ మాటలోని మమకారమునకు నమస్కరింతుము. కాని యది నిజము కాదు. 1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో విమానము కూలునపుడు, ఒడిబిడ్డలను నేలపైనుంచి పట్టుకొనుడని తల్లులకు చెప్పవలసివచ్చెను. ఒక తల్లికి పట్టు నిలువలేదు. ఆ పసివాడు దక్కలేదు.

రెండేండ్లలోపు బిడ్డను ఒడిలో నుంచుకొన్న ఖర్చు తక్కువయే. కుర్చీకి వేరు టిక్కెట్టు కావలెను. దాని వెడల్పును ముందే విమానసంస్థకు తెలిపి, ఇతరుల దారికడ్డురాని కిటికీప్రక్క చోటు కోరుడు.

ఇంకొక చిక్కు కలదు. విశాఖపట్టణమున గొన్న కుర్చీ ఐరోపా ప్రమాణముదైనచో, అమెరికా కారులలో చెల్లదు. అక్కడినుండి వచ్చు బంధువులచే నొకటి తెప్పించుకొనుడు. (వారి పెట్టెలలో చాకొలెట్లకేనా చోటు?) కారులకును విమానములకును తగునని యెఱ్ఱని యక్షరములు దానిపై నుండవలెను. ప్రయాణమునకు వారము ముందునుండియే పాపను ఇంట దానిలో కూర్చుండబెట్టి యలవాటు చేయుడు.