పురుగుమందు: ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పండి!



ముప్పైయేళ్లకు పైగా పిల్లలచేత సమాసాలు విప్పించి విశ్రాంతి పొందిన తెలుగు పండితుణ్ణి. నేడు పెద్దలను ఒక ప్రశ్న అడుగుతున్నాను. ‘పురుగుమందు’ అనే మాటకు విగ్రహవాక్యమేమిటి? ‘పురుగు కొఱకు మందు’ అంటే చతుర్థీ తత్పురుషం. ‘పురుగు యొక్క మందు’ అంటే షష్ఠీ తత్పురుషం. ఎటు విప్పినా మందు పురుగుకే చెందుతున్నది!

దగ్గుమందు దగ్గును పోగొట్టడం లేదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. నిజమే. కాని దగ్గుమందును దగ్గేవాడే తాగుతాడు. పురుగుమందును పురుగుతో పాటు మనమూ తింటున్నాము. విషాన్ని మందని పిలవడమే మన పెరటికి పట్టిన మొదటి తెగులని నా అభియోగం.

ఇది వట్టి వ్యాకరణ చమత్కారం కాదు. నేను బడిలో కొత్తగా చేరిన రోజులలో, 1980వ దశకంలో, మా చిలకలూరిపేట చుట్టూ ఎటు చూసినా పత్తి. కాయతొలుచు పురుగు కోసమని సింథటిక్ పైరిథ్రాయిడ్లను మళ్లీ మళ్లీ కొట్టారు. అవి తెల్లదోమను తినే మిత్రపురుగులను చంపాయి. తెల్లదోమ మాత్రం పెచ్చుపెరిగింది. చతుర్థీ తత్పురుషం అక్షరాలా నిజమైంది! 1987-88లో అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తిరైతులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. అంత చూసిన ఊరివారమై ఉండి, అదే సీసాను పెరట్లోకి తెచ్చుకుంటున్నామే!

ఇతరులను అనడమెందుకు? కొన్నేళ్ల క్రిందట మా కరివేపాకు చెట్టు ఆకులన్నీ కొరికినట్లయ్యాయి. దుకాణానికి వెళ్లాను. అక్కడ పనిచేసే పూర్వ విద్యార్థి, “దీన్ని కొట్టండి మాస్టారూ, తెల్లారేసరికి శుభ్రమైపోతుంది” అని ఒక సీసా ఇచ్చాడు. ఏ పురుగని అతడు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికి వచ్చి మూత తీయబోతుంటే నా అర్ధాంగి, “రేపు పులుసులో వేసేది ఈ ఆకేగదండీ?” అన్నది. కళ్లజోడు పెట్టుకొని చూశాను. ఎర్ర త్రికోణం, పుర్రెబొమ్మ, విషమన్న హెచ్చరిక. తయారుచేసినవాడు విషమనే అచ్చువేశాడు. మందని చదువుకున్న పండితుణ్ణి నేనే.

అది మోనోక్రోటోఫాస్. కూరగాయలపై దాని వాడకాన్ని 2005లోనే నిషేధించారు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు మరణించారు. వంటనూనెలో తేలిన విషం ఇదే. బడిపంతులుగా బతికినవాడికి ఆ వార్త మరపునకు వచ్చేది కాదు.

ఇంతకూ మా చెట్టుకు పట్టినదేమిటి? నిమ్మజాతి చెట్లపై గుడ్లు పెట్టే సీతాకోకచిలుక పిల్లలు. చిన్నప్పుడు పక్షిరెట్టలా, పెరిగాక పచ్చగా ఉంటాయి. పది నిమిషాలలో చేత్తో ఏరివేశాను.

దుకాణదారుకు తెలిసింది చంపడం. మనకు కావలసింది బతికించడం. ముందు రోగమేదో చూడండి. మిరప ఆకు పైకి ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిస్తే నల్లి. మందారానికి తెల్లగా పిండినల్లి పడితే నీటిధారతో కడిగి, సబ్బునీటి గుడ్డతో తుడవండి. దానికి కాపలా కాసే చీమలను రానీయకండి. మిగిలినవాటికి లీటరు నీటిలో 50 గ్రాముల వేపపప్పు పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. కుండీలో మొక్క పసుపుబారితే, చాలాసార్లు అక్కడ పురుగే ఉండదు. మన నల్లరేగడి నీటిని వదలక వేరును కుళ్లబెడుతుంది. మట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి.

అయినా మొక్క పోయిందా? మరొకటి పుట్టించుకోండి. మల్లెకొమ్మను వంచి, కణుపు దగ్గర బెరడు గీకి, మట్టిలో పూడ్చి రాయి పెడితే వానకాలంలో వేళ్లు దిగుతాయి. జామకు పెన్సిలంత కొమ్మపై అంగుళం మేర బెరడు తీసి, తడి కొబ్బరిపొట్టుతో చుట్టి ప్లాస్టిక్ కాగితం కట్టితే గాలిఅంటు. కరివేపాకు గింజను ఎండబెట్టవద్దు. పండు రాలగానే గుజ్జు తీసి నాటండి.

నేను ఇకపై ‘పురుగువిషం’ అనే వ్రాస్తాను, అనే పలుకుతాను. నిఘంటువులో లేదని ఆక్షేపించేవారు ముందు సీసా మీది అక్షరాలు చదవవలసిందిగా మనవి.

ఆనాటి కరివేపాకు చెట్టు మొదట మూడు పిలకలు లేచాయి. పేట వైపు వచ్చే మిత్రులు వేరుతో సహా పట్టుకువెళ్లవచ్చు. ఆకు కడగకుండానే పులుసులో వేసుకోవచ్చు.