పాస్తా బాగుందా? టమాటా సాసునే అడగండి!

సోమల, పుంగనూరు వైపు వాళ్లకు పెద్ద ఊరంటే హైదరాబాద్ కాదు, బెంగళూరే. పొద్దున్నే బయల్దేరితే ములబాగిలు, కోలారు మీదుగా మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడ ఉండొచ్చు. వాళ్ల టమాటా కూడా చాలావరకు ఆ దారినే పోతుంది. సోమల తోటలో కోసిన కాయ కోలారులో వేలానికొచ్చి, అక్కణ్నుంచి ఎక్కడెక్కడి వంటిళ్లకో చేరుతుంది. అందులో కొన్ని కాయలు ఏ విఠల్ మాల్యా రోడ్డు రెస్టారెంటులోనో పాస్తా మీద సాసుగా తేలినా ఆశ్చర్యం లేదు. అక్కడ ఆ ప్లేటు ఐదారొందలకు తక్కువ ఉండదు. స్టార్ హోటలైతే వెయ్యి దాటినా దాటుతుంది.

అంత పెట్టి తినేటప్పుడు అసలుదే తినాలి కదా! బెంగళూరులో ఉద్యోగం చేసుకునే పిల్లలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఇటాలియన్ హోటలుకు తీసుకెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. మెనూ తెరిస్తే వైట్ సాస్, రెడ్ సాస్, పింక్ సాస్... కాలేజీ క్యాంటీన్లో కూడా ఇవే. నిజానికి ఈ రంగుల లెక్క మన దగ్గర పుట్టిందే. ఇటలీలో ప్రతి పాస్తాకూ ఓ పేరుంటుంది, ఆ పేరుకో ఊరుంటుంది. అమాత్రిచానాది అమాత్రిచే పట్టణం, పెస్తోది జెనోవా, కాచో ఎ పెపెది రోమ్ పరిసరాలు. మెనూలో రంగుల బదులు ఈ పేర్లు కనిపించాయంటే మొదటి పరీక్ష పాసైనట్టే.

రెండో పరీక్ష కార్బొనారా. గుడ్డు, గొర్రెపాల చీజు, పంది చెంప మాంసం, మిరియాలు... అంతే. క్రీము చుక్క కూడా పడదు. ఉడికిన పాస్తా వేడికే గుడ్డు చిక్కబడి సాసవుతుంది. ‘మీ కార్బొనారాలో క్రీము వేస్తారా’ అని వెయిటర్‌ను అడిగి చూడండి. ‘వేస్తాం సార్, చాలా వేస్తాం’ అని ఉత్సాహంగా చెప్పాడంటే ఇంకేదైనా ఆర్డరివ్వడం మేలు.

మూడోది ఉడుకు. ఇటలీవాళ్లు ‘అల్ దెంతె’ అంటారు, పంటికి తగలాలని. తెలుగువాళ్లకు దీన్ని వివరించాల్సిన పనే లేదు. బిర్యానీకి అన్నం పలుకు మీద దించడం మనకు తెలుసు. పాస్తాకూ అదే పలుకు. ఊరి నుంచి వచ్చిన నాయన ‘ఇంకా ఉడకలేదు కదరా’ అంటే నొచ్చుకోకండి. వంటవాడు సరిగ్గా చేశాడని ఆయన తనకు తెలియకుండానే సర్టిఫికెట్ ఇచ్చారు! ఎండు పాస్తా పలుకు మీదికి రావడానికే పది నిమిషాల దాకా పడుతుంది. అప్పటికప్పుడు పిండి కలిపి చేసిన పచ్చి పాస్తా అయితే రెండు మూడు నిమిషాలే. ఎండు పాస్తా చెప్పీ చెప్పగానే టేబుల్ మీదికొచ్చిందంటే ముందే ఉడికించి పక్కన పెట్టారన్నమాట.

అసలు పరీక్ష మాత్రం టమాటా సాసుదే. స్పాగెట్టీ అల్ పొమొదోరో... టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, నాలుగు బేసిల్ ఆకులు. దాచుకోవడానికి క్రీము లేదు, చీజు కుప్ప లేదు, చికెన్ ముక్కలు లేవు. చేతగాని వంటవాడు ఇక్కడ దొరికిపోతాడు. సాసు ప్లేటు అడుగున నీళ్లలా నిలవకూడదు, స్పాగెట్టీ పోగును పట్టుకుని ఉండాలి. తియ్యగా ఉంటే చక్కెరో కెచప్పో పడిందని అనుమానించాలి.

మరి టమాటా రాజధాని పక్కనే ఉండగా బెంగళూరు షెఫ్‌లకు ఈ సాసు ఎందుకు కష్టం? ఆ సంగతి మన రైతులకే బాగా తెలుసు. సాసుకు పేరుమోసింది దక్షిణ ఇటలీలో నేపుల్స్ దగ్గర పండే సాన్ మార్జానో. కోలగా, గింజ తక్కువగా, కండ ఎక్కువగా ఉంటుంది. పొట్టు తీసి డబ్బాల్లో పెడతారు. ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడకుండా 1996 నుంచి ఐరోపాలో రక్షణ కూడా ఉంది. మన హైబ్రిడ్ కాయ పుట్టుకే వేరు. లారీలో వందల కిలోమీటర్లు పోయినా పగలకూడదు, నాలుగు రోజులైనా మెత్తబడకూడదు. దోరగా ఉండగానే కోసేస్తారు. పప్పులోకి, పులుసులోకి ఆ పులుపు హాయిగా సరిపోతుంది. సాసుకు మాత్రం నీరెక్కువ, తీపి తక్కువ. కాబట్టి కొందరు షెఫ్‌లు ఇటలీ డబ్బా తెరుస్తారు. ఇంకొందరు మన కాయనే బాగా మాగనిచ్చి, ఓవెన్లో కాల్చి, గంటసేపు మరిగిస్తారు. ఇద్దరిలో రెండోవాడి వంట తినడానికి ఇంకాస్త దూరమైనా వెళ్లొచ్చు.

కాయ మీద వచ్చే డబ్బు సంగతి చెప్పక్కర్లేదు. ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా చెప్పుకునే మదనపల్లెలో 2023 జులై చివరికి కిలో ధర 200 రూపాయల దగ్గరికి వెళ్లింది. సోమల మండలంలోని ఓ రైతు కుటుంబం ఆ సీజన్లో కోలారులో కాయ అమ్మి కోట్లు సంపాదించిందని పేపర్లన్నీ రాశాయి. ధర కోతకూలికి కూడా చాలక కాయల్ని రోడ్డు పక్కన పారబోసిన సీజన్లు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. ఆ రోజుల్లో ఒక్క పాస్తా ప్లేటు డబ్బుతో క్రేట్లకు క్రేట్లే కొనొచ్చు! గుజ్జు ఫ్యాక్టరీలు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు గానీ, అవి ప్రధానంగా తోతాపురి మామిడి మీద నడుస్తాయి. సాసుకు పనికొచ్చే కోల రకం వేయాలంటే కొనేవాడు ముందు కనిపించాలి, ఫ్యాక్టరీ పెట్టాలంటే కాయ ముందు కనిపించాలి. ఈలోగా డబ్బాలు ఓడలో వస్తూనే ఉన్నాయి.

ఇటలీకి మాత్రం టమాటా ఏమంత పాత చుట్టం కాదు. సిసిలీ దీవిలోని త్రాబియాలో పాస్తాలాంటి వంటకం తయారుచేసి ఓడలకెత్తేవారని భూగోళ శాస్త్రజ్ఞుడు అల్ ఇద్రీసి 1154లోనే రాశాడు. టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చిందేమో 16వ శతాబ్దంలో. రెండూ ఒకే ప్లేటులో కలవడానికి ఇంకో రెండొందల ఏళ్లు పైగా పట్టింది. మిరపకాయదీ అదే పుట్టిల్లు. ఆ మిరప వేసిన సాసును ‘అరాబియాతా’ అంటారు, అంటే కోపమొచ్చిందని అర్థం. రాయలసీమ నాలుకకు అది అలక లెక్క కూడా కాదనుకోండి!

ఇంతకీ ఎక్కడ తినాలి? యూబీ సిటీలోని టోస్కానోతో మొదలుపెట్టొచ్చు. 2008లో మొదలై ఊళ్లో చాలా శాఖలు తెరిచింది. కుటుంబంతో వెళ్లడానికి ఇబ్బంది లేని చోటు, స్టార్ హోటలంత బిల్లూ కాదు. మాంసం ముట్టని పెద్దవాళ్లు వెంట ఉంటే ఇందిరానగర్ వంద అడుగుల రోడ్డులోని లిటిల్ ఇటలీ నయం. పుణెలో పుట్టిన ఈ సంస్థది మొత్తం శాకాహారమే. కాబట్టి అక్కడ కార్బొనారా గురించి అడగొద్దు, అరాబియాతా, పెస్తో అడగండి. ఖర్చుకు వెనకాడకపోతే జేడబ్ల్యూ మారియట్‌లోని ఆల్బా ఉంది. హైదరాబాద్ వెళ్లేవాళ్లకు మాదాపూర్ వెస్టిన్‌లో ప్రేగో, బంజారాహిల్స్ పార్క్ హయత్‌లో త్రే ఫోర్ని. ఆదివారం అయితే ముందే ఫోన్ చేసి టేబుల్ చెప్పుకోవాలి.

శాకాహారులకు ఇంకో మాట. అసలైన పర్మేసాన్ చీజును దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరిచి చేస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు మెనూలో ఆకుపచ్చ చుక్క చూసి ఊరుకోకుండా, చీజు ఏదో కనుక్కోవాలి. చీజు వద్దంటే వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనెతో చేసే ఆల్యో ఎ ఓల్యో ఉండనే ఉంది. పేరు పలకడమే కష్టం గానీ, అది మన తాలింపే.

బెంగళూరు దాకా ఎందుకనుకుంటే ఇంట్లోనూ చేసుకోవచ్చు. ప్యాకెట్ మీద డ్యూరం గోధుమ రవ్వ అని ఉందో లేదో చూసి కొనండి. ఎండు పాస్తా దాంతోనే చేయాలని ఇటలీలో 1967లో చట్టమే చేశారు. మైదాదైతే ముద్దైపోతుంది. అన్నట్టు, మన ఇళ్లలో పాయసానికి వాడే సేమ్యాల్లో బాంబినో హైదరాబాద్ కంపెనీదే అయినా, ఆ మాట మాత్రం ఇటాలియనే. చంటిపిల్లాడని అర్థం. టమాటా మాత్రం చెట్టున ఎర్రగా పండింది కావాలి, లారీకి పనికిరాదని తోటలో వదిలేస్తారే... అది. వేడినీళ్లలో వేసి పొట్టు తీసి, గింజలు పిండేసి, నూనెలో వెల్లుల్లి వేగాక వేసి సన్నని సెగన మరగనివ్వాలి. బేసిల్ దొరక్కపోతే తులసి వేయకండి, ఘాటు వేరు. సబ్జా గింజలిచ్చే రుద్రజడ మొక్క దానికి సొంత చుట్టం, అది నయం.

హోటల్లో అయితే చివర్లో బ్రెడ్డు అడగడం మర్చిపోవద్దు. ప్లేటులో మిగిలిన సాసును బ్రెడ్డు ముక్కతో తుడుచుకు తినడాన్ని ఇటలీలో ‘స్కార్పెట్టా’ అంటారు, చిన్న బూటు అని. సంగటి ముద్దతో పులుసు తుడిచే నాయనకు ఇది నేర్పాల్సిన అవసరం ఉండదు. ఆ బ్రెడ్డు బిల్లులో పడుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.