పేరుకు ఆంక్షలు.. ఆగని గ్యాస్ డబ్బు

ఒక దేశ నాయకుడిపై అమెరికా ఆంక్షలు పెట్టిందంటే అసలు ఏం జరుగుతుంది? అమెరికాలో అతనికున్న ఆస్తులు, ఖాతాలు స్తంభిస్తాయి. అక్కడి బ్యాంకులు, కంపెనీలు అతనితో లావాదేవీలు చేయకూడదు. సరే, అక్కడ అతనికి ఖాతాయే లేకపోతే?

మయన్మార్ సంగతే చూడండి. 2017లో సైన్యం దాడులకు 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్ పారిపోయారు. మన హైదరాబాద్‌లో, బాలాపూర్ వైపు గుడిసెల్లో కనిపించే రోహింగ్యా కుటుంబాలు కూడా ఆ సైన్యం బాధితులే. సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్‌పై అమెరికా ఆర్థిక ఆంక్షలు పెట్టింది మాత్రం 2019 డిసెంబరులో. రెండేళ్లు దాటాక! అవి పెట్టినా 2021 ఫిబ్రవరి 1న ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కింది అతనే.

ఆ తర్వాత దెబ్బ కాస్త గట్టిగానే పడింది. అమెరికాలో ఉన్న సుమారు 100 కోట్ల డాలర్ల మయన్మార్ ప్రభుత్వ సొమ్ము సైన్యం చేతికి చిక్కకుండా ఆపారు. మార్చిలో సైన్యం నడిపే రెండు పెద్ద వ్యాపార సంస్థలనూ జాబితాలో చేర్చారు. కానీ సైన్యానికి డాలర్లు తెచ్చిపెట్టే పెద్ద వనరు గ్యాస్. దాన్ని కొనేది థాయ్‌లాండ్, చైనా. వెలికితీతలో అమెరికా కంపెనీ షెవ్రాన్‌కూ అప్పట్లో వాటా ఉండేది. ఆ గ్యాస్ వ్యాపారం చూసే ప్రభుత్వ సంస్థకు ఆర్థిక సేవలు అందించొద్దని అమెరికా ఆదేశమిచ్చింది ఎప్పుడనుకున్నారు? 2023 అక్టోబరు 31న. కామర్స్ చదివినవాళ్లు ఎవరైనా ముందు చూసేది ఆదాయం ఎటునుంచి వస్తోందనే కదా. ఇక్కడ దాన్ని చివర్లో చూశారు.

పైగా 2025 జులైలో, సైన్యానికి దగ్గరివాళ్లని జాబితాలో పెట్టిన కొందరు వ్యాపారులు, కంపెనీలపై ఆంక్షలను అమెరికానే ఎత్తేసింది.