లక్షద్వీప్‌కు మంచినీరు వచ్చింది, మరి మురుగు ఎటు పోవాలి? లంక రైతులకు సూచనలు

లక్షద్వీప్‌లోని కద్మత్ దీవి కోసం కట్టిన సముద్రపు నీటి శుద్ధి ప్లాంటును 2024 జనవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. దీని సామర్థ్యం రోజుకు 1.5 లక్షల లీటర్లు. ఇలాంటి మొదటి ప్లాంటు 2005లో కవరత్తిలో వచ్చింది. తాగునీటి కొరత తీరడం మంచిదే. కానీ ఇంటికి వచ్చిన నీరు వాడాక ఎక్కడికో ఒకచోటికి పోవాలి. నీరు పెరిగితే మురుగూ పెరుగుతుంది. ఈ సమస్య గోదావరి, కృష్ణా లంకల్లో ఉండే మన రైతులకూ ఉంది.

లక్షద్వీప్‌లో జనం ఉండే దీవులు 10. నదులు లేవు, నేలంతా పగడపు ఇసుక. ఇంకిన వాన నీరు కింద ఉన్న ఉప్పునీటిపై పొరలా తేలుతుంది. బావుల్లో ఊరేది ఈ నీరే. సముద్ర మట్టం కంటే ఒక అడుగు పైన మంచినీరు ఉంటే, కింద సుమారు 40 అడుగుల వరకు అది నిలుస్తుందని శాస్త్రీయ అంచనా. ఎక్కువగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. సెప్టిక్ ట్యాంకుల నీరు దిగేదీ ఆ ఇసుకలోకే. ముతక ఇసుకలో నీరు వేగంగా జారిపోతుంది కాబట్టి వడపోత సరిగా జరగదు.

ఊరంతా పైపులు వేసి పెద్ద శుద్ధి కేంద్రం కట్టడం చిన్న దీవికి భారం. కొద్దిగా తవ్వితేనే నీరు తగులుతుంది, కరెంటుకు డీజిల్ ఓడల్లో రావాలి. మురుగును సముద్రంలోకి వదిలితే పగడపు దిబ్బలు, చేపలు దెబ్బతింటాయి. అందుకే డీఆర్‌డీఓ రూపొందించిన బయో టాయిలెట్లను అక్కడ ప్రవేశపెట్టారు. వాటి నుంచి బయటకు వచ్చే నీటిలోనూ నత్రజని, కొన్ని క్రిములు మిగులుతాయి. దాన్ని బావి దగ్గర వదలకూడదు. మరుగుదొడ్డి నీటిని, వంటింటి, స్నానాల నీటిని వేరు చేసి ఇంటి దగ్గరే సర్దుకోవడం చిన్న దీవులకు తగిన దారి.

మన లంకల్లోనూ ఇసుక నేలే, నీరు పైపైనే. లంక రైతులు ఈ జాగ్రత్తలు పాటించాలి:

1. మరుగుదొడ్డికి రెండు గుంతలు కట్టుకోవాలి. ఒకటి నిండాక మూసి రెండోది వాడాలి. మూసిన గుంతలోని ఎరువును కనీసం ఏడాదిన్నర ఆగి తీయాలి.

2. గుంత బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. ముతక ఇసుకలో గుంత అడుగును సిమెంటుతో మూసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక నింపాలి.

3. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. అందులో వంటింటి, స్నానాల నీరు సుమారు 200 లీటర్లు అనుకోవచ్చు. వేసవిలో కొబ్బరి చెట్టుకు 4 రోజులకోసారి 200 లీటర్లు చాలు. అంటే రోజుకో చెట్టు చొప్పున మారిస్తే ఒక ఇంటి నీటితో 4 చెట్లు తడుస్తాయి.

4. ఈ నీటిని ఒక రోజు కంటే ఎక్కువ నిల్వ ఉంచకూడదు. కొబ్బరి, అరటి పాదులకే ఇవ్వాలి. ఆకుకూరలకు, పచ్చిగా తినే కూరగాయలకు వద్దు.

5. వర్షాలకు ముందు ఒకసారి, వరద తగ్గాక మరోసారి బావి నీటిని పరీక్ష చేయించాలి. అప్పటిదాకా కాచి చల్లార్చిన నీరే తాగాలి.